అటెలియర్ రైజాలో ఇరుక్కుపోయారా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

జపాన్‌కి చెందిన గేమ్ కంపెనీ గస్ట్ వాళ్లు 1997లో అటెలియర్ మారీతో ఈ వీడియో గేమ్ సిరీస్ మొదలుపెట్టారు. అయినా చాలామందికి దీని పేరు తెలిసింది 2019లో వచ్చిన అటెలియర్ రైజాతోనే. కుర్కెన్ అనే దీవిలో ఉండే పల్లెటూరి పిల్ల రైజా రసవిద్య (దినుసులు కుండలో ఉడికించి కొత్త వస్తువులు చేసే విద్య) నేర్చుకుంటుంది, స్నేహితులతో కలిసి దీవి దాటి తిరుగుతుంది. కథ తేలిక, బొమ్మలు ముచ్చటగా ఉంటాయి, ఇంకేం కావాలి అనుకుని దిగుతాం. మొదటి గట్టి బాస్ (పెద్ద శత్రువు) దగ్గర ఆగిపోతాం. మిగతా ఆర్పీజీల్లో (పాత్రల బలం పెంచుకుంటూ ఆడే ఆటల్లో) అయితే వెనక్కి వెళ్లి నాలుగు రాక్షసుల్ని కొట్టి లెవెల్ పెంచుకుని వస్తాం కదా, ఇక్కడ ఆ అలవాటే కొంప ముంచుతుంది.

కింద రాసినవన్నీ మొదటి రైజా గురించి. 2020లో, 2023లో వచ్చిన రెండు, మూడు భాగాల్లో మెనూలు మారాయి గానీ రోగాలు చాలావరకు ఇవే.

సమస్య: లెవెల్ పెంచినా బాస్ చితక్కొడుతోంది

కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: ఒంటి మీద పాత సామాను. ఈ ఆటలో లెవెల్ వల్ల వచ్చే బలం కొద్దిగానే. అసలు బలమంతా కుండలో ఉడికిన ఆయుధాల్లోనూ కవచాల్లోనూ బాంబుల్లోనూ ఉంటుంది. పది లెవెల్స్ ఎక్కి పాత కర్రతో వెళ్లినవాడి కంటే, లెవెల్ తక్కువైనా కొత్త ఇంగట్‌తో (ఖనిజం నుంచి చేసే లోహపు కడ్డీతో) ఆయుధం చేసుకున్నవాడే సులువుగా గెలుస్తాడు.

కాబట్టి పోరాటం ఆపి అటెలియర్‌కి, అంటే కుండ ఉండే రైజా కార్ఖానాకి వెళ్లండి. అయితే నేరుగా ఆయుధం దగ్గర మొదలుపెట్టొద్దు. ఆయుధానికి ఇంగట్ కావాలి, ఇంగట్‌కి ఖనిజం కావాలి. కవచానికి బట్ట కావాలి, బట్టకి మళ్లీ దాని దినుసులు. ఈ గొలుసులో అన్నిటికంటే కింద ఉన్నదాన్ని ముందు బాగుచేయాలి. పిండి రుబ్బడంలో తేడా వస్తే అట్టు పోసేటప్పుడు సరిచేయలేం. నాసిరకం ఖనిజంతో చేసిన ఇంగట్‌ని ఎంత మంచి రెసిపీలో వేసినా క్వాలిటీ అక్కడే కూలబడుతుంది.

సమస్య: సింథసిస్ పూర్తవుతోంది గానీ మంచి ఎఫెక్ట్‌లు తెరుచుకోవట్లేదు

ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. సింథసిస్ అంటే కుండలో దినుసులు వేసి వస్తువు చేయడం, ఎఫెక్ట్‌లంటే ఆ వస్తువుకి వచ్చే శక్తులు.

రెసిపీ తెరవగానే గీతలతో కలిసిన గుండ్రాలు కనిపిస్తాయి, వాటినే మెటీరియల్ లూప్‌లు అంటారు. ప్రతి లూప్‌కి రెండు షరతులు. మొదటిది ఫలానా వస్తువు, లేదా ఫలానా రకం వస్తువు వేయాలి. రెండోది నిప్పు, మంచు, మెరుపు, గాలి అనే నాలుగు ఎలిమెంట్లలో అది అడిగిన రంగు, అడిగినంత నిండాలి. మనం సాధారణంగా మొదటి షరతు చూసి రెండోది వదిలేస్తాం.

ఒక లూప్‌కి నిప్పు మూడు పాళ్లు కావాలనుకోండి. మీ దగ్గర ఉన్న మొక్కలో నిప్పు ఒక్క పాలే ఉంటే మూడు మొక్కలు వేయాలి. మూడు పాళ్లున్న దినుసు దొరికితే ఒక్కటి చాలు. రెండు దారుల్లోనూ లూప్ నిండుతుంది, కానీ ఒక సింథసిస్‌లో ఎన్నిసార్లు దినుసు వేయొచ్చో దానికి పరిమితి ఉంది. మొదటి దారిలో మూడు అవకాశాలు ఖర్చయ్యాయి, రెండో దారిలో ఒకటే. మిగిలిన రెండిటితో పక్క లూప్‌కి వెళ్లొచ్చు. దూరంగా ఉన్న మంచి ఎఫెక్ట్‌లు అందకపోవడానికి అసలు కారణం దారిలోనే అవకాశాలు అయిపోవడం.

దీనికి రెండు మందులు. రసవిద్య లెవెల్ పెరిగితే వేయగల దినుసుల సంఖ్య పెరుగుతుంది, కనుక ఇంతవరకు ఒక్కసారి కూడా చేయని రెసిపీలు కనబడితే బద్ధకించకుండా చేసేయండి. రెండోది న్యూట్రలైజర్లు, ఒక్కో ఎలిమెంట్ కోసం కుండలో చేసుకునే మధ్య వస్తువులు. ఎరుపుది నిప్పుకి, నీలంది మంచుకి, పసుపుది మెరుపుకి, పచ్చది గాలికి. వీటిని బాగా చేసి అటెలియర్‌లోని సరుకు డబ్బాలో నిలవ ఉంచుకుంటే ఎన్నో రెసిపీల్లో అక్కరకొస్తాయి. వీటిని చిల్లర వస్తువులుగా చూసేవాళ్లు ఆట సగంలో అవస్థపడతారు.

ఆటో బటన్ సంగతి కూడా చెప్పాలి. అది మీ డబ్బాలో ఉన్నవాటితో రెసిపీని పూర్తి చేసి పెడుతుంది. అరుదైన ఖనిజాన్ని పనికిమాలిన మందులో పడేయడానికి కూడా వెనకాడదు. ఊరివాళ్ల చిన్న చిన్న కోరికలు తీర్చడానికి వాడుకోండి, ఆయుధాల జోలికి మాత్రం రానివ్వకండి.

సమస్య: మంచి ట్రెయిట్ ఎక్కించాను, తేడా ఏమీ కనిపించట్లేదు

ట్రెయిట్ అంటే దినుసు నుంచి వస్తువుకి ఎక్కించుకునే అదనపు గుణం. ప్రతి ట్రెయిట్ ప్రతి వస్తువు మీద పనిచేయదు. దాడి వస్తువులకి పనికొచ్చేది ఆయుధంలో పెడితే చోటు దండగ. ట్రెయిట్ పక్కన దేనికి పనికొస్తుందో గుర్తు ఉంటుంది, ఎంచుకునే ముందు అది చూడండి. ఒక వస్తువుకి మూడింటికి మించి పట్టవు. నచ్చిన ట్రెయిట్ ఉన్న దినుసు ఆయుధం రెసిపీలో నేరుగా పట్టకపోతే కంగారొద్దు. ముందు దాన్ని పట్టే మధ్య వస్తువు ఒకటి చేసి, దాంట్లో ట్రెయిట్ ఎక్కించి, ఆ వస్తువుని తర్వాతి మెట్టులో వేయండి. అలా చెయ్యి మారుతూ చివరి వస్తువు దాకా వచ్చేస్తుంది.

సమస్య: కథ ఏదో వస్తువు అడుగుతోంది, రెసిపీయే లేదు

కారణం: అన్ని రెసిపీలూ పుస్తకాల్లో దొరకవు. కొన్ని వేరే రెసిపీ లోపల దాక్కుని ఉంటాయి. కొన్ని లూప్‌ల మీద రెసిపీ గుర్తు ఉంటుంది. అక్కడిదాకా దారి తెరిచి, అది అడిగిన వస్తువు వేస్తే చేస్తున్న వస్తువు కాస్తా ఇంకో వస్తువుగా మారిపోతుంది, ఆ రెసిపీ ఇక మీదే. దీన్నే రెసిపీ మార్ఫ్ అంటారు.

పరిష్కారం: ఇప్పటికే చేసిన పాత రెసిపీలు మళ్లీ తెరిచి అలాంటి గుర్తుల కోసం వెతకండి. గుర్తు కనిపిస్తున్నా చేయనివ్వకపోతే రసవిద్య లెవెల్ చాలట్లేదన్నమాట. దుకాణాల్లో అమ్మే పుస్తకాలు కూడా ఒకసారి చూసి రండి.

సమస్య: కావలసిన దినుసు ఎంత తిరిగినా దొరకట్లేదు

ఒకే చోటు, వేరే పనిముట్టు. ఇదొక్కటి గుర్తుంటే సగం వెతుకులాట తప్పుతుంది. చెట్టుని కర్రతో కొడితే యూని అనే ముళ్లకాయ రాలుతుంది, అదే చెట్టుని గొడ్డలితో కొడితే కలప వస్తుంది. కొడవలి, సుత్తి, పురుగులు పట్టే వల, గాలం కూడా అంతే, దేని పంట దానిది. రెసిపీ అందగానే చేసుకుని అన్నీ వెంట ఉంచుకోండి. పనిముట్లు కూడా కుండలో తయారయ్యేవే కదా, వాటి ఎఫెక్ట్‌లు బాగా తెరిచి చేస్తే దొరికే సరుకు కూడా మెరుగవుతుంది. మొదట చేసిన కొడవలితోనే ఆట చివరిదాకా లాగాలని చూడొద్దు.

సమస్య: బుట్ట ఊరికే నిండిపోతోంది

కనిపించిన ప్రతి గడ్డిపరకా కోస్తున్నారు. తగ్గించండి. ఇంటికి వెళ్తే సరుకంతా డబ్బాలోకి చేరుతుంది, మ్యాప్‌లోంచి నేరుగా వెళ్లిపోవచ్చు కనుక ఇదేం పెద్ద తలనొప్పి కాదు.

సమస్య: బాంబు చేశాను, యుద్ధంలో కనిపించట్లేదు. కనిపించినా కాసేపటికి వాడనివ్వట్లేదు

ఇవి రెండు వేర్వేరు సమస్యలు. డబ్బాలో ఉన్న బాంబు దానంతట అది యుద్ధానికి రాదు. బయల్దేరేముందు ఆ పాత్ర కోర్ ఐటెమ్‌లో (యుద్ధానికి వెంట తీసుకెళ్లే వస్తువుల చోట్లో) దాన్ని పెట్టాలి. ఇక వాడినప్పుడల్లా బాంబు ఖర్చు కాదు, కోర్ చార్జ్ ఖర్చవుతుంది. తెర మీద సీసీ అని కనిపించేది అదే. అది అయిపోతే చేతిలో ఉన్న వస్తువుల్లో ఒకదాన్ని కన్వర్ట్ చేసి నింపుకోవచ్చు. అయితే అలా ఇచ్చేసిన వస్తువు మళ్లీ అటెలియర్‌కి వెళ్లేదాకా పనిచేయదు. అందుకే వైద్యం చేసే వస్తువుని బలి ఇవ్వొద్దు. తక్కువ అవసరమున్న బాంబు ఒకటి దీనికోసమే పెట్టుకోవడం మేలు.

సమస్య: నా వాళ్లు మామూలు దెబ్బలతోనే సరిపెడుతున్నారు

వాళ్లు సపోర్ట్ మోడ్‌లో ఉన్నారు, ఏపీ (స్కిల్స్ వాడటానికి ఖర్చయ్యే పాయింట్లు) దాచిపెడుతున్నారు. అగ్రెసివ్‌కి మారిస్తే స్కిల్స్ వాడతారు. అలాగని ఎప్పుడూ అక్కడే ఉంచితే ఏపీ మిగలదు. యుద్ధం మొదట్లో ఏపీ నిండనిచ్చి, అదంతా ఖర్చుపెట్టి టాక్టిక్స్ లెవెల్ (ఆ యుద్ధం వరకు జట్టు జోరు పెంచే మెట్టు) పెంచి, ఆ తర్వాత విజృంభించడం నా లెక్కలో సరైన వరస. యుద్ధం ముగియగానే టాక్టిక్స్ లెవెల్ మళ్లీ మొదటికొస్తుంది, కనుక దాచుకుని లాభం లేదు. మధ్యలో తోడువాళ్లు ‘మేజిక్ దెబ్బ కొట్టు’, ‘ఐటెమ్ వాడు’ అన్నట్టు కోరికలు కోరతారు. తీరిస్తే బలమైన దెబ్బ ఒకటి ఊరికే వస్తుంది. ఇంకో మాట, మెనూలో మీరు ఆలోచిస్తున్నంతసేపూ శత్రువు ఆగడు. నిదానంగా ఆడే అలవాటున్నవాళ్లు కొన్నాళ్లు డిఫికల్టీ తగ్గించుకున్నా తప్పేం లేదు.

సమస్య: జెమ్స్ ఎప్పుడూ సున్నా

జెమ్స్‌తో వస్తువుని నకలు తీయొచ్చు, పాతదాన్ని రీబిల్డ్ చేయొచ్చు, అంటే చేసిన వస్తువులోనే మళ్లీ దినుసులు వేసి మెరుగుపరచొచ్చు. సాధారణంగా జెమ్స్ నకళ్లకే కరిగిపోతాయి, రీబిల్డ్‌కి ఏమీ మిగలవు. డబ్బాలో మూలుగుతున్న నాసిరకం సరుకుని జెమ్స్‌గా కరిగించండి. వచ్చినవాటితో ముందు ఆయుధాలు రీబిల్డ్ చేయండి, ఎందుకంటే మొదటిసారి దినుసుల పరిమితి వల్ల అందని లూప్‌లు అప్పుడు అందుతాయి. మళ్లీ దొరకని దినుసు, ఎంతో కష్టపడి చేసిన మధ్య వస్తువు, ఇలాంటివాటికే నకలు తీయండి.

సమస్య: రైజా నచ్చి పాత ఆట కొన్నాను, గడువు దాటి ఆట అయిపోయింది

రైజాలో తొందర లేదు, ఎన్ని రోజులు తిరిగినా ఎవరూ అడగరు. ఇదే సిరీస్‌లో 2009లో వచ్చిన అటెలియర్ రొరోనా అలా కాదు. మూడేళ్ల గడువు, మూడు నెలలకో పని చొప్పున పన్నెండు పనులు. దినుసు ఏరినా, కుండలో ఉడికించినా, దారి నడిచినా రోజులు కరిగిపోతాయి. అక్కడ రైజాలోలా ప్రతి మూలా వెతుకుతూ కూర్చుంటే కుదరదు. ఏ పనికి ఏం కావాలో ముందే రాసుకుని, ఒక్క ప్రయాణంలో రెండు మూడు పనులకి సరుకు తెచ్చుకోవాలి. గడువంటేనే గిట్టనివాళ్లు 2015 నాటి సోఫీకి వెళ్లొచ్చు, లేదా 2023లో వచ్చిన మారీ రీమేక్‌లో గడువు లేని మోడ్ ఎంచుకోవచ్చు. ఇదే సిరీస్‌లోని అటెలియర్ ఫిరిస్ ఎత్తుకునేముందు మాత్రం చూసుకోండి, అందులో పరీక్షకి ఏడాది గడువుంది.