అమెరికాలో పోస్ట్‌డాక్‌కి వెళ్తున్నారా? జే-1 వీసా ఇలా

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగం) ఆఫర్ రాగానే చాలామంది వీసా స్లాట్లు వెతకడం మొదలుపెడతారు, అది తర్వాత సంగతి అండీ, ముందు మిమ్మల్ని పిలిచిన యూనివర్సిటీ డీఎస్-2019 అనే ఫారం ఇవ్వాలి, అది లేకుండా జే-1, అంటే ఎక్స్‌ఛేంజ్ విజిటర్ వీసా, ముందుకి కదలదు. దానికోసం పాస్‌పోర్ట్, డిగ్రీలు, జీతం ఎవరిస్తారో చూపే కాగితం, ఇంగ్లీష్ వచ్చని రుజువు అడుగుతారు. ఫారం రాగానే పేరు చూసుకోండి, మనవాళ్లకి సర్టిఫికెట్లో "కె. వి." అని పొడి అక్షరాలుంటాయి, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించుకోవాలి, తేడా ఉంటే వెంటనే మార్పించండి.

తర్వాత సెవిస్ (విదేశీ విద్యార్థులు, స్కాలర్ల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ సిస్టమ్) ఫీజు 220 డాలర్లు కట్టి, డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా అప్లికేషన్ నింపి, వీసా ఫీజు కట్టి స్లాట్ బుక్ చేసుకోండి. తెలుగు రాష్ట్రాల వాళ్లకి దగ్గర్లో ఉన్నది హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్. ఇంటర్వ్యూలో మీ రీసెర్చ్ ఏంటో రెండు మూడు వాక్యాల్లో, సబ్జెక్ట్ తెలియని మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి, ఇది ఇంట్లో అమ్మకి చెప్పి ప్రాక్టీస్ చేయండి, నిజంగా పనికొస్తుంది.

రెండేళ్లు తిరిగొచ్చి ఇక్కడే ఉండాలన్న రూల్ గురించి భయపడేవాళ్లు చాలామంది, ఏ దేశాల వాళ్లకి, ఏ రంగాల్లో ఈ రూల్ పడుతుందో చెప్పే స్కిల్స్ లిస్ట్ ఒకటుంది, 2024 డిసెంబర్‌లో దాన్నుంచి ఇండియాని తీసేశారు, కానీ ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ లాంటి ప్రభుత్వ డబ్బుతో వెళ్తే ఆ రూల్ ఇంకా ఉంది. జే-1లో రీసెర్చ్ స్కాలర్ అనే కేటగిరీలో గరిష్ఠంగా 5 ఏళ్లు ఉండొచ్చు, మధ్యలో ముగించి వచ్చేస్తే మళ్లీ అదే కేటగిరీలో వెళ్లడానికి 24 నెలలు ఆగాలి. ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే దేశంలోకి రానిస్తారు, టికెట్ అది చూసుకుని కొనండి.