బాల్ పైథాన్ రాత్రి తిరుగుడు: ఏది మామూలు, ఎప్పుడు పట్టించుకోవాలి

బాల్ పైథాన్ అనే చిన్న జాతి కొండచిలువని కొత్తగా తెచ్చుకున్న ఇంట్లో మొదటి టెన్షన్ ఎప్పుడూ ఒకటే. పగలంతా కదలదు, రాత్రి పన్నెండు దాటాక అది ఉండే టబ్బులో బరబరమని శబ్దం. ఇంట్లో అవ్వ ఉంటే పగలేమో "అది బతికే ఉందా నాయనా?" అంటుంది, రాత్రేమో "అదేదో బయటికొచ్చేటట్టుంది, లేచి చూడరా" అంటుంది. రెండూ కంగారు పడాల్సినవి కావు. ఈ పాము పశ్చిమ, మధ్య ఆఫ్రికాది. ఘనా, టోగో, బెనిన్ లాంటి చోట్ల పగలు ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దూరి ఉండి, పొద్దుగూకాక బయటపడుతుంది. మనం కొనేవి చాలావరకు పెంపకంలో పుట్టినవే అయినా ఆ అలవాటు ఎక్కడికీ పోలేదు. కాబట్టి పగలు ఎంత పడుకుందన్నది వదిలేసి, రాత్రి ఎలా తిరుగుతోందో గమనించండి. దానికి ఏం తక్కువైందో అక్కడే తెలుస్తుంది.

రెండు వారాలు ఊరికే రాసుకోండి. ఎన్నింటికి బయటికొచ్చింది, వేడి వైపు ఉందా చల్ల వైపు ఉందా, నీళ్లు తాగిందా, అంతే. మామూలుగా చీకటి పడ్డాక ఒకటి రెండు గంటల్లో తల బయట పెడుతుంది, నాలుక ఆడిస్తూ గోడల వెంట నిదానంగా తిరుగుతుంది, తెల్లవారేలోపు మళ్లీ దూరిపోతుంది. కొన్ని రాత్రులు అసలు బయటికే రాదు, అదీ మామూలే. దాక్కోడానికి టబ్బులో పెట్టిన గూడు నోటి దగ్గర తల పెట్టి మెడ ఎస్ ఆకారంలో మడిచి గంటలకొద్దీ కదలకుండా ఉందంటే వేటకి కాచుకుందని అర్థం, అంటే ఆకలేస్తోంది.

పట్టించుకోవాల్సింది ఇంకో రకం తిరుగుడు. రాత్రంతా ఆగకుండా, మూతని ముక్కుతో పొడుస్తూ, మెష్‌కి మూతి రుద్దుకుంటూ, వరుసగా నాలుగైదు రాత్రులు అదే పని. పాముకి కొత్త ఇల్లయితే కొన్నాళ్లు ఓపిక పట్టండి. లేకపోతే ముందు వేడి చూడండి, తర్వాత గూడు, తర్వాత ఆకలి. ఎదిగిన మగది అయితే చలికాలంలో జత కోసం ఇలాగే తిరుగుతుంది, తిండి కూడా మానేస్తుంది, దానికి మనం చేయగలిగింది లేదు. గూళ్ల విషయంలో చాలామంది పెద్దది పెడితే సుఖంగా ఉంటుందనుకుంటారు. కాదు, ఒళ్లు నాలుగు వైపులా తగిలేంత ఇరుకుగా ఉండాలి, వేడి వైపు ఒకటి, చల్ల వైపు ఒకటి. బోర్లించిన మట్టి పూలకుండీకి అంచు దగ్గర దారి కోసి, కోసిన చోట గరుకు లేకుండా రుద్దేస్తే చాలు. అంగట్లో దొరికే ఖరీదైన ప్లాస్టిక్ రాయి గుహ అక్కర్లేదు.

ఇక వేడి. విదేశీ వీడియోలు చూసి మనవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. వాళ్ల బాధ ఇల్లు ఎలా వేడిగా ఉంచాలని, నెల్లూరులో మన బాధ తలకిందులు. వేడి వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్ల వైపు 25 నుంచి 27 ఉండాలి, రాత్రి 24 దాకా దిగినా పర్లేదు. మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, డాబా ఇంటి పై గదిలో రాత్రి పదకొండుకి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. అప్పుడు టబ్బుకి వేడినిచ్చే కరెంటు పరుపు, అదే హీట్ మ్యాట్, ఎందుకండీ, తీసి పక్కన పెట్టండి. టబ్బంతా 35 దాటిందంటే పాముకి ప్రమాదం, అది పారిపోవాలని చూస్తుంది, లేదా నీళ్ల గిన్నెలోనే పడుకుంటుంది. టబ్బుని కింది గదికి మార్చండి, గచ్చు మీద పెట్టండి. కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల బాటిల్‌ని గుడ్డలో చుట్టి టబ్బు బయట ఒక పక్కన ఆనించండి, లోపల పెట్టొద్దు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం మ్యాట్ కావాలి, అదీ వేడి మితిమీరకుండా ఆపే థర్మోస్టాట్‌తోనే. థర్మోస్టాట్ లేని మ్యాట్ పాము పొట్టని కాల్చేస్తుంది, కాలుతున్నా అది తప్పుకోకుండా అక్కడే పడి ఉండొచ్చు. చేత్తో తాకి "గోరువెచ్చగానే ఉందిలే" అనుకోవడం కొలత కాదు, తీగ చివర వేడిని కొలిచే ప్రోబ్ ఉన్న మీటర్లు రెండు కొనండి.

తేమ 55 నుంచి 70 శాతం మధ్య ఉంటే చాలు. నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇది దానంతటదే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో, తుఫాను పట్టినప్పుడు, అతిగా కూడా ఉంటుంది. కింద పరిచిన కొబ్బరి పొట్టు తడిసి ముద్దయితే పొట్ట పొలుసుల మీద బొబ్బలు లేస్తాయి, కాబట్టి ఆ నెలల్లో నీళ్లు చల్లడం ఆపి గాలి ఆడేలా చూడండి. కనిగిరి, పొదిలి వైపు ఎండాకాలం లెక్క పూర్తిగా వేరు, అక్కడ వడగాలికి గది ఎండిపోతుంది, పొట్టు కింది పొరలో నీళ్లు పోసి పై పొర పొడిగా ఉంచడం మంచి పద్ధతి. ఏసీ గది కూడా అంతే, ఎండగట్టేస్తుంది. రాత్రంతా ఏసీ వేసుకునే వాళ్లు టబ్బుని ఆ గాలికి ఎదురుగా పెట్టొద్దు.

రాత్రి లైటు వద్దు. ఎర్ర బల్బు పాముకి కనిపించదని అమ్మేవాళ్లు చెబుతారు, నమ్మకండి. పగలు పన్నెండు గంటలు వెలుగు, రాత్రి పన్నెండు గంటలు చీకటి. హాల్లో టీవీ పక్కన టబ్బు పెట్టి అర్ధరాత్రి దాకా సినిమాలు చూసే ఇంట్లో పాము ఎందుకు బయటికి రావడం లేదని అడిగితే ఏం చెప్తాం. చూడాలని ఉంటే చీకట్లో పనిచేసే చిన్న వైఫై కెమెరా పెట్టుకోండి.

తిండి కూడా చీకటి పడ్డాకే. ఫ్రీజర్ ఎలుకని కవర్లో ఉంచి వేడినీళ్లలో పూర్తిగా కరగనిచ్చి, ఒంటి వేడికి వచ్చాక పొడవాటి పటకారుతో గూడు నోటి దగ్గర చూపించండి. పై పెదవి మీదున్న గుంటలతో అది వేడిని పసిగడుతుంది, చల్లగా ఉన్న ఎలుక దానికి తిండిలా అనిపించదు. ఎలుక లావు పాము నడుం లావుని మించకూడదు. పెద్ద పాముకి రెండు మూడు వారాలకొకసారి సరిపోతుంది. తిన్నాక రెండు రోజులు ముట్టుకోవద్దు. వారాల తరబడి తినకపోయినా బరువు తగ్గకపోతే కంగారు లేదు, వారం వారం వంటింటి కాటా మీద తూచి రాసుకోండి.

ఆ గుంటల వల్లే ఇంకో జాగ్రత్త. రాత్రి కాచుకున్న పాము ముందుకి వెచ్చటి చెయ్యి సూటిగా పెడితే ఎలుకనుకుని పట్టేస్తుంది. విషం లేదు, గీరుకుపోయి కాస్త రక్తం వస్తుంది, అంతే, కానీ మనం ఉలిక్కిపడి లాగితే దాని పళ్లు ఊడతాయి. చేతులు కడుక్కుని, చుట్టిన కాగితంతో ఒళ్లు మెల్లగా తట్టి, అది తల వెనక్కి తీసుకున్నాక పక్కనుంచి ఎత్తండి. కళ్లు నీలంగా మసకబారి ఉంటే కుబుసం విడవబోతోంది, అప్పుడు అసలు ముట్టుకోవద్దు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు, గురగుర ఉన్నా ఆలస్యం చేయకుండా పాములు చూసే పశువైద్యుడికి చూపించండి, అలాంటి వాళ్లని ముందే వెతికి పెట్టుకోండి.

చివరిది తప్పించుకోవడం. ఇది రాత్రే జరుగుతుంది, మూతకి రెండు వైపులా క్లిప్పులు లేకపోతే జరిగి తీరుతుంది. ముందు ఆ గది తలుపు కింద సందుని గుడ్డతో మూయండి. ఫ్రిజ్ వెనక, ఇన్వర్టర్ కింద, బీరువా అడుగున వెతకండి, వెచ్చగా ఇరుకుగా ఉన్నచోటే దూరుతుంది. దొరక్కపోతే పడుకునే ముందు గుమ్మాల దగ్గర బియ్యప్పిండి పలచగా చల్లండి, పొద్దున జాడ తెలుస్తుంది. కానీ మన ఊళ్లలో కట్లపాము కూడా రాత్రే ఇంట్లోకి వస్తుంది. చీకట్లో ఏదో కదిలితే మనదే అనుకుని చెయ్యి పెట్టొద్దు, టార్చి వేసి, కట్లపాము చారలు కావు, మన పామే అని తేల్చుకున్నాకే. పక్కింటివాళ్లకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే కొండచిలువ పిల్ల అనుకుని కర్ర తీస్తారు. మన కొండచిలువని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, బాల్ పైథాన్‌కైతే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎవరైనా ఫారెస్టు వాళ్లని పిలిస్తే చూపించడానికి ఆ కాగితం ఫోన్‌లో పెట్టుకోండి. దొరికాక ఒంటి మీద కాలిన మచ్చలు ఉన్నాయేమో చూసి, గూట్లో వదిలి, వారం దాకా తిండి పెట్టకండి.