శెనక్కాయ నూనె గానుగకు పీఎంఈజీపీ లోను: అనంతపురంలో ఎలా తెచ్చుకోవాలి?

పీఎంఈజీపీ అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, బ్యాంకు లోనుకు కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. ఇది కొత్తగా పెట్టే యూనిట్లకే. ముందే మిషను కొనేసి, బిల్లు పట్టుకుని జిల్లా పరిశ్రమల కేంద్రానికి (డీఐసీ) పోతే పని జరగదు. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. భార్యాభర్తలను ఒకటిగానే లెక్కేస్తారు.

ఆధార్, కులపత్రం, ఫోటో, పల్లెలో పెడితే రూరల్ ఏరియా సర్టిఫికెట్టు తీసి పెట్టుకోండి. ప్రాజెక్టు 10 లక్షలు దాటితే 8వ తరగతి పాసై ఉండాలి. ఆన్‌లైన్ దరఖాస్తులో ఏజెన్సీ అడిగినచోట డీఐసీనే పెట్టాలి. ఆ ఆఫీసు జిల్లా కేంద్రంలోనే ఉంటుంది, ఫైలు ఎక్కడ ఆగిందో పోయి అడగొచ్చు. రేపు అనుమతుల పని పడినా చూసేది వాళ్లే.

అసలు చిక్కంతా ప్రాజెక్టు రిపోర్టులో, అందులోనూ వర్కింగ్ క్యాపిటల్ దగ్గర, అంటే సరుకు కొని నడిపించడానికి కావాల్సిన డబ్బు. జిరాక్స్ షాపులో దొరికే రెడీమేడ్ రిపోర్టు కొనకండి. అందులో వేరే ఊరి ధరలుంటాయి. "కాయలు ఎక్కడ కొంటారు, ఏ రేటుకు?" అని బ్యాంకు మేనేజరు అడిగితే నోట మాట రాదు. లెక్క మీరే వేయండి.

గంటకు 20 కిలోలు ఆడే గానుగ 8 గంటలకు 160 కిలోలు ఆడుతుంది. మొదటి ఏడాది 60 శాతమే రాయండి, అంటే రోజుకు సుమారు 100 కిలోల విత్తనాలు. నెలకు 25 రోజులైతే 2,500 కిలోలు. కిలో 100 రూపాయలు అనుకుంటే రెండున్నర లక్షలు. కాయ కొని, ఒలిచి, ఆడించి, అంగడికి అప్పుమీద వేసి డబ్బు చేతికొచ్చేసరికి 45 రోజులు పడితే సరుక్కే 3.75 లక్షలు కావాలి. కూలి, కరెంటు అదనం. 100 కిలోల కాయకు విత్తనం 70 కిలోల దగ్గర, విత్తనంలో నూనె 40 శాతం దగ్గరే వేయండి. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మకం మరవొద్దు.

పంట అక్టోబరు, నవంబరులో వస్తుంది కదా, ఏడాది సరుకు ఒకేసారి కొందామని వర్కింగ్ క్యాపిటల్ అంకె పెంచేవాళ్లు ఎక్కువ. ప్రాజెక్టులో లెక్కకొచ్చేది ఒక్క సైకిల్ మాత్రమే, అంటే సరుకు కొన్నప్పటి నుంచి డబ్బు తిరిగొచ్చే దాకా. పైగా మూడేళ్లలో ఒక్కసారైనా సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్, అంటే వర్కింగ్ క్యాపిటల్‌కు బ్యాంకు ఇచ్చే పరిమితి, నూరు శాతం వాడాలి, సగటు వాడకం 75 శాతానికి తగ్గకూడదు. తగ్గితే ఆ మేరకు సబ్సిడీ వెనక్కి పోతుంది. మరీ తక్కువ రాస్తే సంక్రాంతి దాటగానే విత్తనం లేక గానుగ ఆగిపోతుంది. స్థలం ఖర్చు రాయొద్దు, ఒప్పుకోరు. షెడ్డు అద్దె మాత్రం మూడేళ్ల వరకు చూపొచ్చు.

పల్లెలో బీసీ మహిళ 10 లక్షల ప్రాజెక్టు పెడితే సొంత వాటా 50 వేలు, బ్యాంకు ఇచ్చేది 9.5 లక్షలు, సబ్సిడీ 35 శాతం, అంటే 3.5 లక్షలు. ఆ సబ్సిడీ చేతికి రాదు. మీ పేరున మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్టుగా ఉంటుంది, దానికి వడ్డీ రాదు, అంత లోను మీద వడ్డీ పడదు. తనిఖీ అయ్యాక లోనులో జమ చేస్తారు.

10 లక్షల లోపు లోనుకు తాకట్టు అడగకూడదు. అడిగితే జిల్లాలో బ్యాంకుల పని చూసే లీడ్ బ్యాంకు మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. మంజూరయ్యాక ఈడీపీ (వ్యాపారం నడిపే) శిక్షణ వెంటనే పూర్తి చేయండి, అది లేకుంటే సబ్సిడీ కదలదు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉచితం, దానికెవరికీ డబ్బులివ్వొద్దు.