దసరా గాలి రాకముందే: ఒడిశా సరిహద్దులో మనవాళ్లు సర్దుకోవలసిన కాగితాలు, తీసుకోవలసిన జాగ్రత్తలు

2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను తాకి కొరాపుట్, రాయగడ, గజపతి, మల్కన్‌గిరి జిల్లాల దాకా వచ్చింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటితే, గజపతి కొండల్లో మనుషులు పోయారు. 2021లో గులాబ్ ఇంకాస్త ముందే, సెప్టెంబరు 26న వచ్చింది. అందుకే మా గంజాం, గజపతి వైపు దసరా దగ్గర పడుతుంటే ముసలివాళ్లు పండగ కన్నా ముందు గాలి మాట ఎత్తుతారు.

గాలి పోయాక సర్కారు సాయం వస్తుంది. అది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, నష్టాన్ని కొలిచి ఇచ్చేది. కొలతలోకి రాని నష్టానికి పైసా రాదు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇల్లు ఒడిశాలో, కాగితాల్లో పేరు ఇంకోలా, దరఖాస్తు ఒడియాలో, ఇంటి మగమనిషి సూరత్‌లో. ఇవన్నీ గాలి వచ్చాక చక్కబెట్టుకునే పనులు కావు.

మా పెద్దమ్మది వంశధార ఒడ్డున, కాశీనగర్ వైపు పెంకుటిల్లు. తిత్లీ వానకి నీళ్లు వచ్చి రెండు గోడలు, కప్పులో సగం కూలిపోయాయి. ఆవిడకి శుభ్రం ఎక్కువ. నీళ్లు తీసిన మూడో రోజుకే మట్టి ఎత్తించి, తడికలు కట్టించి, పైన పరదా కప్పి, పేడతో అలికేసింది. సర్వేకి వచ్చిన మనిషికి కనిపించింది అలికిన గచ్చు, నిలబడి ఉన్న ఒక గది. ‘ఆంశిక’ అని, అంటే ఇల్లు కొంతే పోయిందని, రాసుకుని వెళ్లాడు. ఆయన్ని తప్పు పట్టను, చూసిందే రాశాడు. కూలిన గోడల ఫొటో ఒక్కటంటే ఒక్కటి మా దగ్గర లేదు. అప్పటినుంచి ప్రతి సెప్టెంబరులోనూ చుట్టాలందరి ఇళ్లకీ తిరిగి ఇవే మాటలు చెబుతున్నాను.

ఆ ఒక్క మాటకి ఎంత తేడానో చూడండి. 2022 నుంచి 2026 వరకు కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం లెక్క ప్రకారం ఇల్లు పూర్తిగా దెబ్బతింటే మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000. కొంత దెబ్బతింటే, అది కూడా కనీసం 15 శాతం పోయి ఉంటే, పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. పూరి గుడిసెకి 8,000, ఇంటికి ఆనుకున్న పశువుల పాకకి 3,000. ఇల్లు కొట్టుకుపోయినా, రెండు రోజులకి మించి నీళ్లలో మునిగినా బట్టలకి 2,500, సామానుకి 2,500. మనిషి పోతే కుటుంబానికి 4 లక్షలు. రాష్ట్రం తన వంతు కలిపితే ఇంకా పెరగొచ్చు. ఈ లెక్కలు కొన్నేళ్లకోసారి మారతాయి కాబట్టి ఈ ఏటి అంకె తహసీల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ముందు ఫొటోలు, తర్వాత కాగితాలు

ఈ ఆదివారమే పని పెట్టుకోండి. ఇంటికి నాలుగు వైపులా నిలబడి నాలుగు ఫొటోలు, లోపల ప్రతి గదికీ ఒకటి, పాకకి ఒకటి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసుకోండి. ఇంట్లోవాళ్లు ఒకరు ఫొటోలో ఉంటే ఇల్లు ఎవరిదన్న ప్రశ్న రాదు. ఎక్కడ నిలబడి తీశారో గుర్తుపెట్టుకోండి. గాలి తర్వాత మళ్లీ అక్కడే నిలబడి తీయాలి. అప్పుడు రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు. వెంటనే దూరంగా ఉన్న చుట్టానికి వాట్సాప్‌లో పంపేయండి. ఫోన్ నీళ్లలో పడ్డా ఫొటోలు మిగులుతాయి.

కాగితాల్లో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ అందరికీ తెలిసినవే. మరచిపోయేవి ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, భూమి పట్టా. కూలిన ఇల్లు అనుమతితో కట్టుకున్నదే అని అధికారి ధ్రువీకరించాలని సాయం నిబంధనల్లో ఉంది. తాతల నాటి స్థలమైతే కాగితం ఉండదు. కనీసం పన్ను రసీదు, కరెంటు బిల్లు చేతిలో ఉంటే మాట నిలుస్తుంది. కొండ మీద అటవీ హక్కు పట్టా ఉన్న సవర కుటుంబాలు దాని నకలు తీయించుకోవాలి. ఒడిశాలో భూమి కాగితాలు భూలేఖ్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఖాతా నెంబరు, ప్లాట్ నెంబరు ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి.

పేరు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశాలో చివర రాస్తారు. ఆధార్‌లో ‘కె. అప్పలస్వామి’, పట్టాలో ‘అప్పల్ స్వామి’, పాస్‌బుక్‌లో ఇంటిపేరు పూర్తిగా చివర. మనిషి ఒక్కడే, కంప్యూటర్‌కి మాత్రం ముగ్గురు. డబ్బు ఖాతాలో పడే సమయానికి ఇలాంటి తేడాలే అడ్డం పడతాయి. ఆధార్‌లో ఎలా ఉందో బ్యాంకులోనూ అలాగే ఉండేట్టు ఇప్పుడే మార్పించుకోండి. పట్టాలో పేరు మార్చడానికి నెలలు పడుతుంది. ఈలోపు ‘ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి’ అని సర్పంచ్ దగ్గర రాయించుకున్న కాగితం ఒకటి దగ్గర పెట్టుకోండి.

బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలిసి ఉందో లేదో కనుక్కోండి. రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది. వంద రూపాయలు వేసి తీస్తే మెలకువగా ఉంటుంది. మగవాళ్లు సూరత్ మగ్గాల మీద ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఆధార్‌కి కలిపిన ఫోన్ ఆయన జేబులో ఉంటుంది. ఇక్కడ సర్వే జరుగుతుంటే ఓటీపీ అక్కడికి పోతుంది. తుపానుకి సిగ్నల్ ఉండదు, ఆయనకి కాల్ కలవదు, ఇక్కడ ఆవిడకి టెన్షన్. ఇంట్లో ఉండే ఆడమనిషి పేరున ఖాతా, ఆవిడ ఆధార్‌కి ఆవిడ ఫోనే కలిపి పెట్టండి. ఆయన దసరాకి ఇంటికి వస్తారు కదా అని ఆగొద్దు.

ఇచ్ఛాపురం వైపు ఆధార్ ఉండి ఇల్లో పొలమో గంజాంలో ఉన్నవాళ్లు చాలామంది. ఆంధ్రా, ఒడిశా సరిహద్దులోని కొటియా పల్లెల్లోనైతే రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్లున్నాయి. రెండు వైపులా రాయించుకోవచ్చు అనుకోకండి. నష్టం ఏ ఊళ్లో జరిగిందో అక్కడి రెవెన్యూవాళ్లే రాస్తారు. రెండు చోట్లా రాయిస్తే ఒకటి పట్టుకుని రెండోది కూడా ఆపుతారు. ఆంధ్రాలో వీఆర్వో దగ్గరికి వెళ్లినట్టు ఇక్కడ ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) దగ్గరికి వెళ్లాలి. మీ ఆర్‌ఐ ఆఫీసు ఎక్కడో, వార్డు మెంబరు ఎవరో, వాళ్ల ఫోన్ నెంబర్లు ఏవో కాగితం మీద రాసి గోడకి అంటించండి. పక్కనే జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070 కూడా రాయండి.

నాలుగు ఒడియా ముక్కలు

మన పెద్దవాళ్లు ఒడియా మాట్లాడతారు గానీ చదవలేరు. మైకులో చెప్పేది, కాగితం మీద ఉండేది ఈ మాటలే. ‘బాత్యా’ అంటే తుపాను, ‘బన్యా’ అంటే వరద. ‘ఆశ్రయస్థళి’ అంటే తుపాను షెల్టర్. ‘స్థానాంతర’ అంటే ఇల్లు వదిలి రమ్మని. ‘క్షతి’ అంటే నష్టం, ‘క్షతిపూరణ’ అంటే పరిహారం. ‘గుహాళ’ అంటే పశువుల పాక. అన్నిటికన్నా ముఖ్యం ‘సంపూర్ణ’, ‘ఆంశిక’. ఇల్లు మొత్తం పోయింది, కొంతే పోయింది అనే తేడా ఇక్కడుంది. సర్వే కాగితం మీద వేలిముద్ర వేసే ముందు, సంతకం పెట్టే ముందు ‘ఏ మాట రాశారు బాబూ’ అని అడగండి. అడగడం మర్యాద తక్కువ కాదు.

పశువు, పడవ, పంట

పశువులకి చెవి పోగు వేయించారా? అందులోని 12 అంకెల నెంబరు ఫొటో తీసి పెట్టుకోండి. పైన చెప్పిన 2022-26 లెక్కలోనే పాడి ఆవు, గేదె పోతే 37,500, దుక్కిటెద్దుకి 32,000, మేకకి, గొర్రెకి 4,000 లెక్క. చచ్చిన పశువుని పూడ్చే ముందు పశువుల డాక్టర్‌కి చూపించి కాగితం తీసుకోవాలి, ఫొటోలో చెవి పోగు కనపడాలి. అంతకన్నా ముందు చేయాల్సింది, నీళ్లు రాకముందే పలుపు విప్పేయడం. విప్పిన పశువు మెట్టకి తనే పోతుంది.

గోపాల్‌పూర్, ఆర్జిపల్లి, రామయపట్నం తీరంలో ఉన్న మన జాలరి, వాడబలిజ కుటుంబాలని ఒడియావాళ్లు నోళియాలు అంటారు. అదే లెక్కలో పడవ పూర్తిగా పోతే 15,000, మరమ్మతుకి 6,000, వల పూర్తిగా పోతే 4,000, చిరిగితే 3,000. కొత్త ఫైబర్ బోటు ధరతో పోలిస్తే ఇది చాలా తక్కువ, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే బోటుని ఒడ్డు నుంచి ఎంత దూరం లాగగలిగితే అంత లాగి కట్టేయడమే పెద్ద బీమా. రిజిస్ట్రేషన్ నెంబరు కనిపించేలా ఫొటో తీయండి. నెంబరు చెరిగిపోతే ఇప్పుడే రంగు వేయించండి.

వరికి 33 శాతం, అంతకు మించి నష్టం ఉంటేనే సాయం లెక్కలోకి వస్తుంది. వర్షాధారమైతే హెక్టారుకి 8,500, నీటి వసతి ఉంటే 17,000, జీడి, కొబ్బరి లాంటి తోటలకి 22,500, అదీ రెండు హెక్టార్ల వరకే. ఇది కాక ఫసల్ బీమా వేరే. 2023 ఖరీఫ్ నుంచి ఒడిశా రైతు ఒక్క రూపాయి కట్టి చేరే వీలు కల్పించారు. కోసి చేలో పరిచిన పనలు తుపాను వానకి తడిస్తే, కోసిన 14 రోజుల లోపు అయితే, అదీ బీమాకి వస్తుంది. కాకపోతే 72 గంటల్లోగా 14447కి ఫోన్ చేసి చెప్పాలి. ఊరంతా కరెంటు లేక ఫోన్లు ఆరిపోయిన రోజుల్లో 72 గంటలు ఇట్టే పోతాయి. అందుకే ఒక పవర్ బ్యాంకు అక్టోబరు అంతా చార్జ్ చేసి ఉంచండి. పాలుకి చేసేవాళ్లు భూమి ఆసామితో రాయించుకున్న చీటీ ఇప్పుడే దగ్గర పెట్టుకోవాలి. పంట పోయాక ఆసామి మనసు ఎలా ఉంటుందో చెప్పలేం.

కబురు వచ్చిన రోజు

1999 అక్టోబరు 29 మహా తుపానులో ఒడిశాలో దాదాపు 10,000 మంది పోయారు. ఫైలిన్ నాటికి దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. అంత గాలిలోనూ చావులు కొద్దిమందితో ఆగాయి. కాబట్టి రమ్మన్నప్పుడు వెళ్లాలి. ఇంటి దగ్గరే ఉంటామని మొండికేసేవాళ్లని అడిగితే ‘కాగితాలు, గొడ్లు ఎవరు చూస్తారు’ అంటారు. కాగితాలన్నీ మందపాటి పాలిథీన్‌లో చుట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో ముందే పెట్టి ఉంటే, పశువులని విప్పేసి ఉంటే, కాలు బయట పెట్టడానికి సాకు ఉండదు. నెలలు నిండిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఆశా కార్యకర్తకి రెండు రోజుల ముందే చెప్పండి. ఆస్పత్రికి దగ్గరగా తీసుకెళ్లే ఏర్పాటు చేస్తారు.

కొండ ఊళ్లవాళ్లకి ఒక మాట. తిత్లీ రోజు గజపతి జిల్లా బరాఘరాలో వానకి భయపడి కొండ గుహలో తలదాచుకున్నవాళ్ల మీద చరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. బండ చాటు, గుహ, వాగు పక్క మిట్ట, ఏదీ వద్దు. పల్లంలో ఉన్నా సరే, కొండవాలుకి ఎడంగా ఉన్న బడి భవనంలోకి వెళ్లండి.

ఎవరైనా పోతే, ఆ మాట రాయడానికే చేయి రావడం లేదు, పోలీసులకి చెప్పకుండా, పోస్టుమార్టం కాకుండా దహనం చేయకండి. ఆ రెండు కాగితాలూ లేకపోతే 4 లక్షలు రావడం చాలా కష్టం. నీట మునిగినా, పాము కరిచినా, పిడుగు పడినా ఒడిశాలో ఇదే వర్తిస్తుంది. పాము కరిస్తే మాత్రం ముందు ఆస్పత్రి, మంత్రాల దగ్గరికి పోవద్దు.

గాలి తగ్గాక ఫొటోలు తీశాకే మట్టి ఎత్తండి. సర్వే ఆలస్యమైతే ఒక గది సర్దుకుని వంట చేసుకోండి, పడిపోయిన గోడని మాత్రం కదపకండి. కదపక తప్పకపోతే వార్డు మెంబరునో, పక్కింటివాళ్లనో ఇద్దరిని పిలిచి చూపించి తీయండి.

లబ్ధిదారుల జాబితా పంచాయతీ ఆఫీసులో పెట్టినప్పుడు వెళ్లి చూడండి. అది ఒడియాలో ఉంటుంది. మా ఇంట్లో ఆ పని మా చెల్లెలి కూతురిది. ఒడియా మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ల వీధిలో ఏడు ఇళ్ల పేర్లు తనే చదివి చెబుతుంది. పేరు లేకపోయినా, ‘ఆంశిక’ అని పడినా అప్పటికప్పుడు తహసిల్దార్‌కి అర్జీ రాసి, రెండు ఫొటోలూ జోడించి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టర్ గ్రీవెన్స్‌కి అదే నకలు పట్టుకెళ్లండి.