అద్దంలో ముఖం తీసేటప్పుడు ఫోకస్ ఎక్కడ పెట్టాలి?

స్టూడియోలో అద్దం పెట్టి పోర్ట్రెయిట్ తీస్తుంటే ఫోకస్ అద్దం ఫ్రేమ్ మీద పెట్టకండి. కెమెరా నుంచి అద్దం 2 మీటర్లు, అద్దం నుంచి మనిషి 1 మీటరు ఉంటే, ప్రతిబింబం 3 మీటర్ల దూరంలో ఉన్నట్టే లెక్క. అద్దంలో కనిపించే కంటి మీదే ఫోకస్ పాయింట్ ఉంచండి. f/1.8 లాంటి అపెర్చర్‌లో (లెన్స్ బాగా తెరిచి ఉన్నప్పుడు) స్పష్టంగా వచ్చే లోతు తక్కువ కాబట్టి ఇది మరీ ముఖ్యం.

సాఫ్ట్‌బాక్స్‌ను (వెలుగును మెత్తగా పరిచే లైట్ పెట్టెను) అద్దం పక్కన పెట్టి ముఖం వైపు తిప్పండి, ఎందుకంటే ఫొటోలో కనబడేది అద్దం వైపున్న ముఖమే. లైట్ స్టాండ్ అద్దంలో పడుతోందా? అద్దాన్ని కాస్త తిప్పితే చాలు. 5 డిగ్రీలకే ప్రతిబింబించే దిశ 10 డిగ్రీలు మారుతుంది. మీరే కనిపిస్తుంటే నల్లగుడ్డ అడ్డం కట్టి, లెన్స్ మాత్రం బయటికి ఉంచండి.

షాట్‌కి ముందు అద్దం తుడవండి. పక్క వెలుగులో ఒక్క వేలిముద్ర కూడా చెంప మీద మరకలా కనిపిస్తుంది.