ఊపిరితిత్తుల క్యాన్సర్ జీన్ రిపోర్టులో ‘హై’ అని కనబడితే ఏం చూడాలి

మా మావయ్య ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు విశాఖ నుంచి వాట్సాప్‌లో వచ్చింది. పీడీఎల్1 అనే ప్రోటీన్ పక్కన ‘హై ఎక్స్‌ప్రెషన్’ అని ఉంది. బీపీ హై, షుగర్ హై అని వినీవినీ ఉన్న ఇల్లు కదా, ఆ పూట శ్రీకాకుళంలో మా అత్తయ్య అన్నం ముట్టలేదు. తీరా డాక్టరు గారిని అడిగితే, అదేం చెడ్డకబురు కాదమ్మా అన్నారు.

ముందు రెండు మాటలు విడదీసుకోండి. జీన్‌ను ఒక కాగితం అనుకుంటే, మ్యుటేషన్ అంటే అందులో అక్షరం తప్పు పడటం. ఎక్స్‌ప్రెషన్ అంటే ఆ కాగితానికి కణం ఎన్ని జిరాక్సులు తీస్తోందన్నది. ఆ జిరాక్సులే ఆర్‌ఎన్‌ఏ, వాటిని చూసి తయారయ్యేది ప్రోటీన్. అసలు కాగితం సరిగ్గానే ఉన్నా జిరాక్సులు మరీ పెరిగినా తగ్గినా కణం తీరు మారిపోతుంది.

రిపోర్టు తెరవగానే జీన్ల జోలికి పోకుండా స్టేజీ ఎంతో తెలుసుకోండి, రోగి ముందుముందు ఎలా ఉంటారన్నది ఇప్పటికీ ఎక్కువగా చెప్పేది అదే. తర్వాత ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జీన్లలో మార్పు ఉందా అన్నది. సిగరెట్ ముట్టని మన ఆడవాళ్లలోనూ ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ కనబడుతుంది, ఉంటే మాత్రలతోనే వైద్యం నడిచే అవకాశం ఉంది. ఆ తర్వాత పీడీఎల్1. ఇది ప్రోటీన్ లెక్క, శాతాల్లో ఇస్తారు. ముదిరిన స్టేజీలో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే మార్పులు లేకుండా ఇది 50 శాతం, ఆపైన ఉంటే ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌పై పోరాడించే వైద్యం) బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ ఉంటే మాత్రం పీడీఎల్1 ఎంతున్నా సాధారణంగా మాత్రలే ముందు.

ఇవి మందు ఎంచుకోవడానికి. జబ్బు మళ్లీ వస్తుందా అని అంచనా వేసే స్కోర్లు వేరే. 2007లో తైవాన్ పరిశోధకులు 5 జీన్ల ఎక్స్‌ప్రెషన్‌తో ఒకటి చేశారు, 2012లో 14 జీన్లది వచ్చింది: 11 క్యాన్సర్‌వి, 3 పోల్చుకోవడానికి. తొలిదశలో ఆపరేషన్ అయినవాళ్లను తక్కువ, మధ్యస్థం, ఎక్కువ ప్రమాదం అని ఇది మూడు గుంపులు చేస్తుంది. అంటే వందమందిలో ఎలా జరగొచ్చన్నది, మీ ఇంట్లో రోగి జాతకం కాదు. పైగా మామూలు వైద్యంలో అందరికీ చేయించే పరీక్ష కూడా కాదిది. ల్యాబ్ వాళ్లు చేయించమంటే, ఫలితం ఎటొచ్చినా మందు మారుతుందా అని మీ డాక్టరునే అడగండి. మారదంటే ఆ డబ్బు విశాఖ రాకపోకలకు, స్కాన్లకు పనికొస్తుంది.

ఇంకొకటి, మైనంలో పెట్టిన ముక్క దిమ్మ. ల్యాబ్ వాళ్లు దాన్ని బ్లాక్ అంటారు. డీఎన్‌ఏ కన్నా ఆర్‌ఎన్‌ఏ తొందరగా చెడిపోతుంది, పాత బ్లాక్ అయితే పరీక్ష ఫెయిలవ్వొచ్చు. సూదితో తీసిన ముక్కయితే మరీ చిన్నది, ఒకటి రెండు పరీక్షలకే అయిపోవచ్చు. అందుకని ముక్క తీసేముందే, జీన్ పరీక్షలకూ సరిపడా తీస్తారా సార్ అని అడిగేయండి. ఆసుపత్రి మారుతుంటే రిపోర్టు కాగితాలతో పాటు బ్లాక్ కూడా సంతకం పెట్టి తెచ్చుకోండి, మేం అది మర్చిపోయి మళ్లీ ఒక రోజంతా దానికోసమే తిరిగాం.