రెండు పొరల అద్దాల కిటికీకి కొత్త పిడి

మా పడకగది కిటికీ పిడి ఒకరోజు ఊరికే తిరగడం మొదలుపెట్టింది, గడియ మాత్రం పడలేదు. చూడటానికి అచ్చం అలాంటిదే తెచ్చి బిగించాను. దాని అడుగు ఫ్రేముకు ఆనలేదు, సన్నని సందు మిగిలిపోయింది.

తేడా అంతా పిడి వెనక ఉండే చదరపు కడ్డీలో ఉంది. దీన్నే స్పిండిల్ అంటారు. ఇలాంటి కిటికీల్లో ఎక్కువగా 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, కానీ పొడవు రకరకాలుగా ఉంటుంది. పాత పిడిని ఊడదీసి, దాని అడుగు నుంచి కడ్డీ కొస వరకు స్కేలుతో కొలిచాను: 30 మిల్లీమీటర్లు. కొత్తదానికి 40 ఉంది. పొడవు ఎక్కువైతే రంపంతో కోసుకోవచ్చు. తక్కువైతే లోపలి యంత్రాన్ని సరిగా పట్టుకోదు, ఆ పిడిని మార్చుకోవడమే మేలు. నేను కోసి, అంచును ఆకురాయితో నునుపు చేశాను.

పిడిని బిగించే స్క్రూల మధ్య దూరం కూడా చూడాలి, సాధారణంగా 43 మిల్లీమీటర్లు. వంపు ఉన్న పిడి అయితే ఎడమదా, కుడిదా అన్నది ముఖ్యం. కడ్డీకి బదులు ముక్కులాంటి కొక్కెం ఉన్న పిడి వేరే రకం. అక్కడ కొలవాల్సింది ఆ ముక్కు ఎత్తు.

కొనే ముందు, కిటికీ తెరిచి ఉంచి, పాత కడ్డీని రంధ్రంలో పెట్టి తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే లోపం పిడిది కాదు, ఫ్రేము లోపల గడియను కదిలించే యంత్రానిది, అంటే గేర్‌బాక్సుది.